రెక్కలున్న కారుకి నా ట్రాకు మీద గాలి లేదు

స్లాట్ కార్ల, అంటే ట్రాకు గాడిలో కరెంటుతో తిరిగే బొమ్మ రేసు కార్ల, పిచ్చి ఉన్నవాళ్ళు నలుగురు ఎక్కడ చేరినా ఒక తగువు తప్పదు. పాత రేసు కార్లు ఎంత బావుండేవి, ఇప్పటివి ఎంత వికారంగా తయారయ్యాయి అని. నెరిసిన తలలు ఒక వైపు, కుర్రాళ్ళు ఇంకో వైపు. నాకు యాభై దాటాయి కాబట్టి నేను ఏ వైపో ఎవరూ అడగరు, వాళ్ళే తేల్చేస్తారు. కానీ నేను ఆ వైపు లేను. ఇప్పటి రేసు కారు అందంగా లేదని నేననను. అసలు కారుని దగ్గరగా చూసినవాడెవడూ అనడు. నా పేచీ వేరే. ఆ కారుని 32వ వంతుకి కుదించి, గాడిలో పెట్టి తిప్పితే దాని అందం కారుతో పాటు రాదు. పాత కారుది వస్తుంది. ఇందులో నా చిన్నతనం మీద మమకారమేమీ లేదు. గాలి చేసిన పని, అయస్కాంతం చేసిన పని, ఈ రెండూ చూస్తే సరిపోతుంది.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ప్లాస్టిక్ ట్రాకులో సన్నటి గాడి, గాడికి అటూ ఇటూ రెండు లోహపు పట్టీలు. కారు ముక్కు కింద ఉండే గైడు గాడిలో దిగుతుంది. దానికున్న రాగి అల్లికలు, మేం బ్రెయిడ్లంటాం, పట్టీల మీద రాసుకుంటూ మోటరుకి కరెంటు అందిస్తాయి. 12 నుంచి 15 వోల్టులు. చేతిలో కంట్రోలరు, దానికో ట్రిగ్గరు. స్టీరింగు లేదు. ఎంత నొక్కాలి, ఎక్కడ వదలాలి అన్నదే ఆటంతా. 1957లో ఇంగ్లండులో ఫ్రెడ్ ఫ్రాన్సిస్ స్కేలెక్స్‌ట్రిక్ పేరుతో దీన్ని ఇళ్ళల్లోకి తెచ్చాడు. 1963లో జర్మనీలో కరేరా వచ్చింది. ఇళ్ళల్లో ఎక్కువగా నడిచేది 1:32 కొలత, అంటే అసలు కారులో 32 మిల్లీమీటర్లు మన కారులో ఒక్క మిల్లీమీటరు. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

విశాఖలో ఈ పిచ్చి ఉన్నవాళ్ళం వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందిమి. జగదాంబ సెంటరు నుంచి గాజువాక దాకా ఏ బొమ్మల కొట్లో అడిగినా రిమోట్ కారు తీసి చూపిస్తారు. మాకు కావలసినవి విదేశాల్లో ఉన్న చుట్టాల సూట్‌కేసుల్లో రావాలి, లేకపోతే ఆన్‌లైన్లో తెప్పించుకుని కస్టమ్స్ సుంకం కట్టి ఏడవాలి. ఎంవీపీ కాలనీలో మా మేడ మీది గదిలో ప్లైవుడ్ బల్ల మీద నా ట్రాకు ఉంది. సముద్రం ఎంత దగ్గరో ఆ పట్టీలు చూస్తే తెలిసిపోతుంది. వానాకాలంలో నాలుగు రోజులు ముట్టుకోకపోతే గోధుమరంగు మచ్చలు లేస్తాయి. పిల్లలు పెన్సిలు గీతలు చెరుపుకునే రబ్బరుతో పట్టీ పొడుగునా రుద్ది, పొడిగుడ్డతో తుడిస్తే గానీ కారు కదలదు. కిటికీ చువ్వలకీ, ఏసీ డబ్బాలకీ ఈ ఊరి ఉప్పుగాలి ఏ గతి పట్టిస్తుందో వీటికీ అదే.

ఇక అసలు విషయం. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ, అంటే కరెంటు కార్ల, రేసు జరిగింది. మా అక్క కొడుకు పట్టుబట్టి తీసుకెళ్ళాడు. ఆ జెన్3, అంటే మూడో తరం, కార్లని అంతకుముందు ఫోటోల్లో చూసి మొహం చిట్లించినవాణ్ణే. ముక్కు కోసుగా, ఒళ్ళంతా కోణాలు, ఎక్కడా ఒక గుండ్రటి వంపు ఉండదు. కంచె అవతల నుంచి ఎదురుగా వస్తుంటే మాత్రం కథ మారిపోయింది. ముందు రెక్క అంచు కనిపించీ కనిపించనంత పలచన. ఒక్కో మడత దగ్గర ఎండ తెగి, ఒక పలక మెరుస్తుంటే పక్క పలక నీడలో ఉంది. ఆ రోజు గెలిచిన జాన్ ఎరిక్ వెర్న్‌ది నలుపు, బంగారు రంగుల కారు. 1972లో లోటస్ జట్టు సిగరెట్ కంపెనీ కోసం వేసుకున్న రంగులు కూడా అవే. వెర్న్ కారు నా ముందు నుంచి దూసుకుపోయినప్పుడు పాత లోటస్ నాకు గుర్తుకు కూడా రాలేదు. అంత బావుంది.

ఆ అందమంతా ఎక్కడుంది? పలచటి అంచుల్లో ఉంది. ఇప్పటి రేసు కారు మీద కంటికి కనిపించేవన్నీ గాలిని చీల్చడానికీ, మళ్ళించడానికీ, సుడి తిప్పి పక్కకి తోయడానికీ పెట్టిన రేకులు, పలకలు, రెక్కలు. కార్బన్ ఫైబరుతో చేస్తారు కాబట్టి రెండు మూడు మిల్లీమీటర్ల మందంలోనే గట్టిగా నిలబడతాయి. ఇప్పుడు ఇందాకటి లెక్క తియ్యండి. రెండు మిల్లీమీటర్లని 32తో భాగిస్తే 0.06 మిల్లీమీటరు. అంత పలచటి ప్లాస్టిక్ రెక్కని అచ్చులో పొయ్యలేరు, పోసినా మొదటి మలుపులోనే విరుగుతుంది. అందుకని బొమ్మ చేసేవాళ్ళు దాన్ని ఒక మిల్లీమీటరు మందం చేస్తారు. అంటే అసలు కారు మీద 32 మిల్లీమీటర్ల మందం ఉన్న రెక్క. తలుపు చెక్క అంత! ఏ ఇంజనీరూ కలలో కూడా గీయని రెక్క అది. ముందు రెక్కకి నాలుగు పొరలుంటే నాలుగు తలుపు చెక్కలు. ఇంకా ముందుకెళ్ళి, పడినా విరక్కుండా మెత్తటి రబ్బరులాంటి ప్లాస్టిక్‌తో చేస్తారు కొందరు. వేసవిలో మా మేడ గదిలో ఆ రెక్కలు చివర్ల దగ్గర కిందికి వాలతాయి.

కారు బావుండలేదని కుర్రాళ్ళతో వాదించే పెద్దమనుషులు తిడుతున్నది ఈ తలుపు చెక్కల్ని. అసలు కారు జోలికి వాళ్ళు పోనేలేదు.

మన పక్కనే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రని చిత్రిక పట్టి, లక్క రంగులు వేసి బొమ్మలు చేస్తారు, 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ బొమ్మల్లో ఎడ్లబండి చూడండి. పగ్గాలుండవు, ఎద్దు కాలి గిట్టలో చీలిక ఉండదు. చక్రం, కాడి, ఎద్దు మూపురం, అంతే. కర్రలో ఏది నిలుస్తుందో, అరచేతి దూరం నుంచి కంటికి ఏది ఆనుతుందో అదే ఉంచి మిగతాది వదిలేస్తాడు పనివాడు. స్లాట్ కారు చేసే కంపెనీకి ఆ స్వేచ్ఛ లేదు. రేసు జట్టు దగ్గర లైసెన్సు తీసుకుంటుంది, కొనేవాడు ఫోటో పక్కన పెట్టుకుని ప్రతి రేకూ లెక్క చూస్తాడు. ఏదీ వదలకూడదు, ఏదీ సరిగ్గా రాదు. పాత కార్లకి ఈ బాధ లేదు. వదిలెయ్యాల్సినవి వాటి మీద మొదటి నుంచీ లేవు.

1967 నాటి ఫార్ములా వన్ కారు లోటస్ 49 తీసుకోండి. ఆ జూన్‌లో హాలండులో జాండ్‌వోర్ట్‌లో మొదటిసారి దిగింది, దిగిన రోజునే జిమ్ క్లార్క్ దాన్ని గెలిపించాడు. ముందొక గొట్టం, వెనకాల కవరు లేకుండా ఇంజను, నాలుగు లావుపాటి చక్రాలు. ఆ ఏడాది రెక్కలు లేవు. పొడవు సుమారు 4 మీటర్లు, అంటే నా బల్ల మీద పన్నెండున్నర సెంటీమీటర్లు. ఆ గొట్టం 32వ వంతుకి తగ్గినా గొట్టమే. వెనక ఉన్న ఎగ్జాస్టు పైపులు కాస్త లావైనా ఎవడికీ తెలియదు. 2022 నుంచి 2025 దాకా నడిచిన ఫార్ములా వన్ కారు సుమారు అయిదున్నర మీటర్లు, అంటే బల్ల మీద పదిహేడు సెంటీమీటర్లు. రెండు మీటర్ల వెడల్పు, ఇక్కడ ఆరుంబావు సెంటీమీటర్లు. నా ట్రాకులో గాడికీ గాడికీ మధ్య ఎనిమిది సెంటీమీటర్లు కూడా లేదు. రెండు కొత్త కార్లు పక్కపక్కన మలుపులోకి వస్తే అవి పోటీపడవు, ఒకదాన్నొకటి గీరుకుంటాయి.

ఇక్కడిదాకా మా మేనల్లుడు ఒప్పుకుంటాడు. ఇంజనీరింగు చదువుతున్నాడు కాబట్టి కొలతలతో వాడికి పేచీ లేదు. పేచీ వచ్చేది దీని తర్వాతే.

నా ట్రాకు మీద తిన్నగా ఉన్న చోట కారు సెకనుకి 3 మీటర్లు పోతుంది. 32తో హెచ్చిస్తే గంటకి 345 కిలోమీటర్లు, నిజం ఫార్ములా వన్ కారు వేగం. చూడ్డానికి అలాగే ఉంటుంది కూడా. కానీ గాలికి మన హెచ్చవేతలు తెలియవు. దాని లెక్కలో అది సెకనుకి 3 మీటర్లే. చాలా సాయంత్రాలు మన బీచ్ రోడ్డులో కూచుంటే మొహానికి కొట్టే గాలి అంతకంటే ఎక్కువ. ఆ వేగంలో ఆ రెక్క కారుని కిందికి నొక్కుతుందా? చీమంత కూడా నొక్కదు. అంటే ఏ పని కోసం ఆ ఆకారాలన్నీ పుట్టాయో ఆ పని నా ట్రాకు మీద లేనే లేదు. మరి కారు మలుపుల్లో ఎలా అంటుకుని ఉంటుంది? మోటరు దగ్గర కింద ఒక అయస్కాంతం ముక్క ఉంటుంది, గోరంత నియోడిమియం బిళ్ళ. అది పట్టీలని పట్టుకుంటుంది.

"అయితే ఏటి మామయ్యా? అసలు కారూ అంటుకునే పోతుంది, ఇదీ అంటుకునే పోతుంది. చూపు ఒకటే కదా" అంటాడు వాడు.

ఒకటి కాదు. గాలి నొక్కుడు వేగం రెట్టింపైతే నాలుగింతలవుతుంది. అందుకే నిజం కారు వేగంగా తిరిగే మలుపులో పట్టాల మీద పోతున్నట్టు పోతుంది, నెమ్మదిగా తిరిగే ఇరుకు మలుపులో కొట్టుకుంటుంది, తోక విసురుతుంది, డ్రైవరు చేతులు కనిపిస్తాయి. ఆ తేడాలోనే ఉంది రేసు. అయస్కాంతానికి వేగంతో పని లేదు. కారు ఆగి ఉన్నా అంతే పట్టు, పరిగెత్తుతున్నా దాదాపు అంతే. కాబట్టి బొమ్మ కారు అన్ని మలుపుల్లోనూ ఒకేలా అతుక్కుని పోయి, పోయి, పట్టు చాలని క్షణాన ఉన్నట్టుండి ఎగిరి గోడకి కొట్టుకుంటుంది. జారడం, సర్దుకోవడం ఏమీ ఉండదు. చూసేవాడికి మొదటి పది చుట్లు భలే అనిపిస్తుంది, పదకొండో చుట్టుకి టీ తాగుదామనిపిస్తుంది.

అయస్కాంతం తీసెయ్యండి. కొత్త కారైతే గొడవ మొదలవుతుంది. ముందుకి అంత ముక్కు, వెనక్కి అంత తోక, ఆ పైన రెక్క. జారితే పక్క వరసలోని కారుని ఊడ్చుకుపోతుంది. లోటస్ 49కి తీస్తే వేరే సంగతి. ఫిషింగ్ హార్బరు దగ్గర వలలకి కట్టే సీసం దొరుకుతుంది. ఒక ముక్క తెచ్చి సుత్తితో పలచగా కొట్టి, ఛాసిస్ కింద వెనక ఇరుసుకి ముందు అతికించాను. వెనక టైర్లని సన్న ఉప్పుకాగితం మీద తిప్పి సమం చేశాను. ఇప్పుడు మలుపు దగ్గర ట్రిగ్గరు సగం వదిలితే తోక బయటికి వస్తుంది, కారు గాడికి అడ్డంగా ఒక వేలెడు తిరుగుతుంది. అక్కడ కొంచెం కరెంటిస్తే ఆ అడ్డం మీదే మలుపంతా ఈదుకుంటూ పోయి, తిన్నటి దారి రాగానే సర్దుకుంటుంది. గ్రాహం హిల్, క్లార్క్ అదే కారుని అడ్డంగా తిప్పుతున్న ఫోటోలు ఎన్నో ఉన్నాయి. ముందు చక్రాలు ఎదురు తిరగవు, ఆ ఒక్కటే లోటు. మిగతాదంతా అదే. ఆ కారు రూపం ఎలాంటి నడక కోసమో, నా బల్ల మీద కూడా అదే నడక. అందం అంటే నాకు ఈ పొంతనే. నిలబెట్టి చూస్తే ఏ కారు బావుందన్నది షోకేసు సంగతి, ట్రాకుది కాదు.

పాతవాళ్ళకి కూడా ఒక మాట చెప్పాలి. పాతవన్నీ అప్సరసలు కావు. 1968, 69ల్లో రెక్కలు కొత్తగా వచ్చినప్పుడు వెదురుబొంగుల్లాంటి కాడల మీద ఎత్తుగా నిలబెట్టారు. 1969లో స్పెయిన్‌లో అవి విరిగి హిల్, రింట్ ఇద్దరి కార్లూ గుద్దుకున్నాక మొనాకోలో నిషేధించారు. 1971 నాటి మార్చ్ 711 అనే కారు ముక్కు మీద టీ ట్రే బోర్లించినట్టు రెక్క ఉండేది, దాంతోనే రోనీ పీటర్సన్ ఒక్క రేసూ గెలవకుండా ఆ ఏడాది పట్టికలో రెండోవాడయ్యాడు. 1976 నాటి లిజియే కారు నెత్తి మీద గాలి గొట్టం ఎంతుండేదంటే డ్రైవరు దాని ముందు చిన్నపిల్లాడిలా కనిపించేవాడు. ఇలాంటివి మరిచిపోయి, అందగత్తెల్ని మాత్రమే గుర్తుపెట్టుకుని "ఆ రోజులే వేరు" అనడం న్యాయం కాదు. 2012లో మెట్టు ముక్కులు, 2014లో వేలు చాచినట్టున్న ముక్కులు వచ్చాయని ఇప్పటివాళ్ళని వెక్కిరించేముందు ఆ టీ ట్రేని తలుచుకోవాలి. వికారానికి రెండు కాలాల్లోనూ కారణం ఒకటే: నిబంధన రాసినవాడు ఒకటి అనుకుంటాడు, గీసేవాడు దాని సందులోంచి దూరతాడు.

డ్రైవరు సంగతి. 2018లో హేలో వచ్చింది, డ్రైవరు తల చుట్టూ టైటానియం కమ్మీ. 2020లో బహ్రెయిన్‌లో రోమాన్ గ్రోజాన్ కారు ఇనుప కంచెలోకి దూసుకుపోయి మంటలంటుకుంటే అతను నడుచుకుంటూ బయటికొచ్చాడు. తల తెగకుండా కాపాడింది అదే. అందం పేరు చెప్పి దాని మీద నోరెత్తితే సిగ్గులేనట్టే. అయినా బొమ్మ కారు రంగులు వేసేవాడిగా నాకు పోయిందేమిటో చెప్పాలి కదా. పాత కారులో డ్రైవరు ఛాతీ నుంచి పైకి కనిపిస్తాడు. మోచేతులు, స్టీరింగు, కళ్ళద్దాలు. గ్రాహం హిల్ ముదురు నీలం హెల్మెట్ మీద లండన్ రోయింగ్ క్లబ్బు గుర్తుగా తెల్లటి తెడ్డు రెక్కలుండేవి. బఠాణీ గింజంత తల మీద ఆ తెడ్లని ఒంటి వెంట్రుక కుంచెతో వెయ్యడానికి ఊపిరి బిగబట్టాలి. వేశాక, కారు ఎదురుగా వస్తే అందులో ఎవరో ఉన్నారని తెలుస్తుంది. కొత్త కారులో కమ్మీ వెనక హెల్మెట్ పైభాగం కొంచెం కనబడుతుంది, అంతే.

రంగుల దగ్గర మాత్రం నేను కొత్త జట్ల మీద నిజంగానే కోపంగా ఉన్నాను. కారుకి కనీస బరువు 798 కిలోలని నిబంధన పెడితే ఆ అంకెకి దిగడానికి నానా తంటాలు పడి, 2023 నాటికి చాలా జట్లు రంగు గీకేసి కార్బన్ నలుపునే వదిలేశాయి. టీవీలో అది పొదుపు. నా ట్రాకు నల్లటి ప్లాస్టిక్. నల్లటి దాని మీద నల్లటి కారు ట్యూబులైటు కింద తిరుగుతుంటే కనిపించేది నాలుగు స్టిక్కర్లు మాత్రమే. పైగా 2016 నుంచి కొందరికి మెరుపు లేని రంగులు ముద్దయ్యాయి. చిన్న కారుకి మెరుపే ప్రాణం. కారు మలుపు తిరిగేటప్పుడు ట్యూబులైటు ప్రతిబింబం ముక్కు మీద నుంచి తోక దాకా ఒక తెల్లగీతగా జారుతుంది, ఒంటి వంపు కంటికి తెలిసేది ఆ గీతతోనే. గల్ఫ్ ఆయిల్ కంపెనీ లేతనీలం, నారింజ రంగుల్లో 1968లోనూ, 69లోనూ ఫ్రాన్సులో 24 గంటల ల మాన్స్ రేసు గెలిచిన ఫోర్డ్ జీటీ40 నా దగ్గరుంది. ఎత్తు 40 అంగుళాలు కాబట్టి ఆ పేరు, బల్ల మీద మూడు సెంటీమీటర్ల పైచిలుకు. గది ఆ మూల నుంచి చూసినా అదేదో తెలుస్తుంది. కొత్తవాళ్ళల్లో మెచ్చుకోవాలంటే 2017లో మన ఫోర్స్ ఇండియా వేసిన గులాబీ రంగు. అందరూ నవ్వారు గానీ, ట్రాకు మీద దాన్ని వెతుక్కోనక్కర్లేదు.

మా వాడి చేతిలో ఒక తురుపు ముక్క ఉంది, దానికి నా దగ్గర జవాబు లేదు. ల మాన్స్ హైపర్ కార్లు, ఆ రేసులో ఇప్పటి పై తరగతివి. ఒళ్ళంతా కప్పి ఉంటుంది కాబట్టి రేకులు తక్కువ, పెద్ద పెద్ద వంపులు ఎక్కువ. యాభై ఏళ్ళ తర్వాత పై తరగతిలోకి తిరిగొచ్చి 2023లో ల మాన్స్ గెలిచిన ఫెరారీ 499పి ఎర్రటి ఒంటి మీద పసుపు చార 32వ వంతుకి తగ్గినా చెక్కుచెదరదు. 2022లో పెజో 9ఎక్స్8 వెనక రెక్క లేకుండానే దిగింది. నా ట్రాకు కోసమే గీశారా అనిపించింది! రెండేళ్ళు తిరక్కుండా, 2024లో, వేగం చాలక దానికీ రెక్క తగిలించారు. సాయంత్రం కిటికీ మూసి గదిలో లైటు ఆర్పేసి ఆడితే ఈ కార్లదే రాజ్యం. పెజో ముందు దీపాలు గోళ్ళతో గీరినట్టు మూడేసి చారలు, చీకట్లో ఆ చారలు చూసే ఎవరి కారు ముందుందో చెప్పొచ్చు. జీటీ40 ఆ చీకట్లో రెండు పసుపు చుక్కలు, ఇంకే కారుదైనా కావచ్చు. రేసు ఫోటోలు తీసేవాళ్ళు ల మాన్స్‌లో రాత్రంతా ఎందుకు మేలుకుంటారో మా మేడ గదిలో నాకు అర్థమైంది.

కాబట్టి కొత్తవన్నీ ఒకటి, పాతవన్నీ ఒకటి అని గీత గీయడం కుదరదు. గాలి మీద ఎంత ఎక్కువ ఆధారపడితే బొమ్మ కారుగా అంత తక్కువ రాణిస్తుంది. ఆ లెక్కన చక్రాలు బయటికున్న ఫార్ములా కార్లు అన్నిటికంటే అట్టడుగున, హైపర్ కార్లు మధ్యలో.

2026 నిబంధనల్లో ఫార్ములా వన్ కారు కొంచెం తగ్గింది. ఇరుసుల మధ్య దూరం 3600 నుంచి 3400 మిల్లీమీటర్లకి, వెడల్పు 1900కి, కనీస బరువు 770 కిలోల ప్రాంతానికి. నా మలుపుల్లో ఆ మూడు మిల్లీమీటర్ల వెడల్పు తగ్గినా మంచిదే. కానీ కొత్త పేచీ ఒకటి తెచ్చిపెట్టారు. ముందు రెక్కా, వెనక రెక్కా తిన్నటి దారిలో చదునుగా పడుకుంటాయి, మలుపుల్లో లేస్తాయి. బొమ్మలో ఏ రూపం అచ్చు పొయ్యాలి? పడుకున్నదా, లేచినదా? ఏది పోసినా సగం చుట్టులో అబద్ధమే. మా మేనల్లుడు అప్పుడే వెనక రెక్క కింద పట్టే బుల్లి సర్వో మోటరు కోసం వెతుకుతున్నాడు, ట్రిగ్గరు వదలగానే రెక్క లేచేలా చేస్తాడట. చెయ్యరా, వైర్లు సోల్డరింగు నేను చేసి పెడతాను అన్నాను. అయస్కాంతం తీసి తెస్తేనే నా ట్రాకు ఎక్కనిస్తానని కూడా చెప్పాను. దాని మీద ఇంకా బేరం నడుస్తోంది.